మాస్టారి నాలుక

"ఏమే, మనం ఇక్కడికెందుకొచ్చాం?" అని మా ఆయన మళ్ళీ అడిగాడు.

మళ్ళీ చెప్పాను. పొద్దున వంటషెడ్డులో ఉన్నట్టుండి గరిటె పట్టుకుని నిలబడిపోయారనీ, ఇదెవరి పెళ్ళి అని పనివాళ్ళని అడిగారనీ, పెళ్ళి కాదు, నర్సింగు కాలేజీలో పిల్లలకి పట్టాలిచ్చే రోజు భోజనాలనీ చెబితే తలూపి, ఆ తలూపడం పూర్తికాకుండానే ఇదెవరి పెళ్ళి అని మళ్ళీ అడిగారనీ చెప్పాను. కాలేజీ వెనక గేటు దాటితే ఆస్పత్రే కాబట్టి చెరో రెక్కా పట్టుకుని ఎమర్జెన్సీకి నడిపించుకొచ్చామన్నాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. "అలాగా! నాకేం గుర్తులేదే," అని ఆశ్చర్యపోయాడు. దుప్పటి అంచు సర్దుకున్నాడు. గోడగడియారం చూశాడు. నా వైపు తిరిగి, "ఏమే, మనం ఇక్కడికెందుకొచ్చాం?" అన్నాడు.

అదే గొంతు, అదే కనుబొమ్మ ఎగరెయ్యడం. మొదట్లో నాకు కాళ్ళూచేతులూ ఆడలేదు. తర్వాత ఏడుపొచ్చింది. ఆ తర్వాత, దాచుకోవడం దేనికి, విసుగొచ్చింది. పక్క మంచం మీద కాలు విరిగిన పెద్దమనిషి కూడా నా జవాబు కంఠతా పట్టేశాడు. నేను నీళ్ళు తాగడానికి ఆగితే, "మీరు గరిటె పట్టుకుని నిలబడిపోయారు బాబూ," అని ఆయనే అందుకున్నాడు.

డాక్టరమ్మ చిన్న వయసుది. మా ఆయన్ని పేరడిగింది, చెప్పాడు. వృత్తి అడిగింది, చెప్పాడు. నన్ను చూపించి ఈవిడెవరని అడిగింది. "మా ఆవిడ. చూడండి, మీ ముందు కూడా ఎలా గుడ్లురుముతోందో," అన్నాడు. డాక్టరమ్మ నవ్వి, బంతి, తాళంచెవి, బస్సు అని మూడు మాటలు చెప్పి గుర్తుపెట్టుకోమంది. కాసేపాగి అడిగితే, ఆ మాటలే కాదు, అసలు ఎవరైనా ఏదైనా చెప్పారన్న సంగతే ఆయనకి తెలియలేదు.

"పాతవన్నీ ఉన్నాయమ్మా. కొత్తవి మాత్రం మెదడులో నిలబడట్లేదు," అంది ఆవిడ నన్ను పక్కకి పిలిచి. "పక్షవాతం కాదని స్కాన్ తీసి చూసుకోవాలి. నేననుకున్నదే అయితే భయం లేదు, సాయంత్రానికల్లా దానంతటదే సర్దుకుంటుంది. ఈ కాసిని గంటలు మాత్రం ఆయనకి ఎప్పటికీ తిరిగిరావు."

"ఎందుకొచ్చిందండీ?"

"ఊరికే కూడా రావచ్చు. బరువెత్తినా, చన్నీళ్ళలో దూకినా, ఎవరితోనైనా గట్టిగా గొడవపడినా రావచ్చు. ఇవాళ గొడవేమైనా జరిగిందా?"

జరిగింది. వ్యాను వెనకాల, మా తమ్ముడితో. నేను కూరగాయలు తరిగించే చోటికి కేకలు వినపడ్డాయి గానీ మాటలు వినపడలేదు. వాళ్ళిద్దరికీ అది మామూలే కదా అని నేను లేవలేదు. ఆ ముక్కే చెప్పాను.

"సరే. ముందు ఒక యాక్సిడెంటు కేసుంది, అది కాగానే స్కాన్‌కి తీసుకెళ్తారు. అప్పటిదాకా నోటికి ఏమీ పెట్టకండి. మంచినీళ్ళు కూడా నర్సుని అడిగే పెట్టండి," అని డాక్టరమ్మ వెళ్ళిపోయింది.

మా ఆయన వంట మాస్టారు. భోజనాల కాంట్రాక్టు మా తమ్ముడిది. ఆర్డరు తెచ్చేది, వ్యాను నడిపేది, సరుకు కొనేది, పెద్దవాళ్ళ ముందు చేతులు నలుపుకుంటూ నిలబడేది వాడు. పొయ్యి దగ్గర మాత్రం మా ఆయన మాటే చెల్లుతుంది. మా అమ్మ పోయాక ఆ తమ్ముణ్ణి చంకనేసుకు తిప్పింది నేను. వాడి ముక్కు తుడిచిన చెయ్యి ఇది. అందుకని వాడి మీద నాకు ఎంత కోపమొచ్చినా అది పొంగు మీద నీళ్ళు చల్లినట్టు చల్లారిపోయేది.

మా షెడ్డులో ఒక పద్ధతుంది. గుండిగలు దించాక ఎవరూ వాటిని ముట్టుకోరు. మా ఆయన గోరువెచ్చని నీళ్ళు పుక్కిలించి ఉమ్మి, ప్రతి గుండిగలోంచీ చెంచాడు నాలుక మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని నిలబడతాడు. అప్పుడు రెండో వంటాయన, మేమంతా పొడుగాయన అంటాం, అందరికీ వినపడేలా అడుగుతాడు: "నాలుక మీద పెట్టారా మాస్టారూ?" ఈయన "పెట్టాను, ఎత్తండి," అంటే గుండిగలు లేస్తాయి. "పెట్టాను, పారబొయ్యండి," అంటే ఎంత కూరైనా గోతిలోకి పోతుంది. ఈ రెండో మాట నేను ఇన్నేళ్ళలో ఒకటి రెండుసార్లే విన్నాను. వాసన చూసి చెప్పమంటే ఆయన ఒప్పుకోడు. మసాలా దట్టిస్తే ముక్కు ఇట్టే మోసపోతుందంటాడు. ఆయన పెట్టానని చెప్పందే పనివాళ్ళు గరిటె కదపరు. ఇది భయమో భక్తో నాకు తెలియదు గానీ, దానివల్లే మా కూర తిని ఎవరూ కడుపు పట్టుకోలేదు.

మధ్యాహ్నం కావస్తుండగా మా తమ్ముడు తెర తీసుకుని లోపలికొచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఒక చేతిలో మూత పెట్టిన స్టీలుగిన్నె.

"బావా! ఎలా ఉన్నావు బావా?" అంటూ మంచం పట్టుకుని వెక్కాడు.

"ఏంట్రా, ఏమైందిరా నీకు?" అని మా ఆయన కంగారుపడి వాడి వీపు నిమిరాడు. "ఏమే, వీడేంటి ఏడుస్తున్నాడు? మనం ఇక్కడికెందుకొచ్చాం?"

పొద్దున ఇద్దరూ ఒకరి మీద ఒకరు అరుచుకున్నవాళ్ళు. ఈయనకి అదేం లేదు. వాడు నన్ను పక్కకి లాగి గొంతు తగ్గించాడు.

"నిజంగా ఏమీ గుర్తులేదా అక్కా? పొద్దున్నది కూడానా?"

"వ్యాను ఆపిన దగ్గర్నుంచీ ఏమీ లేదు. డాక్టరమ్మ సాయంత్రానికి సర్దుకుంటుందంది. పొద్దున్నది మాత్రం ఇక రాదట."

వాడి మొహం తేటపడింది. నేను కళ్ళారా చూశాను. బావకి నయమవుతుందని విన్నవాడి మొహం కాదది. అదేమిటో అప్పటికి నాకు అర్థం కాలేదు.

వాడు వెంటనే గిన్నె మూత తీశాడు. "బావా, మాంసం కూర. ఒక్కసారి నాలుక మీద పెట్టి చెప్పు."

"ఒరేయ్, నోటికి ఏమీ పెట్టొద్దన్నారురా!"

"చెంచాడేగా అక్కా. అక్కడ గుండిగలు దించుకుని కూర్చున్నారు. బావ మాట లేందే ముట్టుకోరట వెధవలు. నాలుగొందల మందికి భోజనం," అంటూనే చెంచా నోటికందించాడు. వంటవాడి నోరు చెంచా కనపడితే దానంతటదే తెరుచుకుంటుంది. నేను లేచేలోగానే అయిపోయింది.

మా ఆయన కళ్ళు మూసుకున్నాడు. మరుక్షణం కళ్ళు తెరిచి నా చేతిలో ఉన్న తువ్వాలు లాక్కుని దాన్లో ఊసేశాడు. నాలుకని తువ్వాలుతో బరబరా గీకాడు.

"ఇదేం మాంసంరా? మురిగింది! జిగురు తేలింది! ఎవరికి పెడదామనిరా ఇది? మనుషులు కారా వాళ్ళు? పారబొయ్యి!"

అంత కోపం ఆయనలో నేనెప్పుడూ చూడలేదు. మెడ నరాలు తేలాయి. చుట్టూ ఉన్న తెరల వెనక మాటలు ఆగిపోయాయి. తర్వాత ఆయన తువ్వాలు మడిచి దిండు పక్కన పెట్టి, గడియారం చూసి, "ఏమే, మనం ఇక్కడికెందుకొచ్చాం?" అన్నాడు.

అప్పుడు తెలిసింది నాకు పొద్దుటి గొడవ దేని గురించో.

తమ్ముణ్ణి చొక్కా పట్టుకుని వరండాలోకి లాక్కెళ్ళాను. మొదట నీళ్ళు నమిలాడు. నేను వదల్లేదు. వ్యానులో ఫ్రీజరు నిన్న మధ్యాహ్నమే చచ్చిందట. పొద్దున తలుపు తీస్తే అడుగున నీళ్ళు కట్టి ఉన్నాయట. బావ చూసి పారెయ్యమన్నాడట. వీడు వద్దన్నాడట.

"అంత గొడవపడి మళ్ళీ ఆ మాంసమే వండించావా? ఆయన ఒప్పుకున్నాడా?"

"లేదు. ఆయనకి ఇలా అయ్యాక పొయ్యి మీదకి ఎక్కించాను."

నేను చెరో రెక్కా పట్టుకుని నడిపించుకొచ్చామన్నానే, ఆ రెండో రెక్క పట్టుకున్నది వీడే. నన్ను ఎమర్జెన్సీ గుమ్మం దగ్గర వదిలి, పనుంది అక్కా ఇప్పుడే వస్తానని వెనక్కి పరిగెత్తింది అందుకన్నమాట. గోడకి చేరబడ్డాను.

"ఉడికితే ఏ పురుగైనా చస్తుందక్కా. రెండు గంటలు ఉడికించాం. ఇప్పుడు మాంసం లేదంటే ఈ కాలేజీ గడప మళ్ళీ తొక్కనిస్తారా? నా పరువేం కాను? నువ్వు కూడా నన్నే అంటావేంటి?" అని మూతి ముడిచాడు. చిన్నప్పుడు జామకాయలు దొంగిలించి దొరికిపోయినప్పుడు పెట్టిన మొహమే పెట్టాడు. అప్పుడది ముద్దొచ్చేది. ఇప్పుడు చూడలేక తల తిప్పుకున్నాను.

"పారబొయ్యరా," అన్నాను. "కూరగాయలున్నాయి, పప్పుంది, అన్నముంది. చాలు. పారబొయ్యి."

"సరే అక్కా, సరే," అని వెళ్ళాడు. నేను నమ్మాను. నా అంత తెలివితక్కువది ఇంకొకతె ఉండదు.

పావుగంట కాకుండా మళ్ళీ వచ్చాడు. అదే గిన్నె. ఈసారి దాన్నిండా ఎర్రటి నూనె, కారం, నిమ్మరసం. తెర తీసినప్పుడే ఘాటుకి నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"బావా, కొత్త కూర. చూసి చెప్పు."

నేను వాడి మణికట్టు పట్టుకున్నాను. "సిగ్గు లేదురా నీకు?"

మా ఆయన మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి నవ్వాడు. "ఏంటే, కూర రుచి చూడ్డానికి కూడా నీ అనుమతి కావాలా? తేరా ఇటు," అని వాడి చేతిలోంచి చెంచా తనే తీసుకున్నాడు.

కళ్ళు మూసుకున్నాడు. తెరిచాడు. తువ్వాలు వెతుక్కుని ఊసేశాడు.

"ఇంత మసాలా దేనికి దట్టించార్రా? దీని కింద ఏదో దాచారు. మురిగిన మాంసం ఇది! జిగురు! ఎవరికి పెడదామనిరా? మనుషులు కారా వాళ్ళు? పారబొయ్యి!"

అవే మాటలు, అదే వరస. నాకు ఒక్క క్షణం నవ్వొచ్చింది, దేవుడి మీద ఒట్టు. తమ్ముడికి నవ్వు రాలేదు. వాడు గిన్నెని మంచం కింద పెట్టి, తల గోక్కుంటూ గడియారం వైపు చూసి, నా చెవి దగ్గర మెల్లగా అన్నాడు:

"ఐదు నిమిషాలాగి మళ్ళీ అడుగుతానక్కా. మర్చిపోతాడుగా."

ఒక మనిషి జబ్బుని వీడు కిటికీలా వాడుకుంటున్నాడు. ఎన్నిసార్లు మూస్తే అన్నిసార్లు తీసి తొంగిచూస్తాడు. మంచం మీదున్నవాడు వీడికి పెళ్ళి చేసినవాడు, పని నేర్పినవాడు. "పో బయటికి!" అని అరిచాను. నర్సు తల పెట్టి చూసింది. వాడు తేలు కుట్టిన దొంగలా జారుకున్నాడు.

తర్వాత స్కాన్ గది దగ్గర్నుంచి పిలుపొచ్చింది. చక్రాల కుర్చీ కావాలి, వరండా చివర ఉంటాయి, మీరే తెచ్చుకోండి అన్నారు. ఉన్నవాటిలో ఒకదానికి కాళ్ళు పెట్టుకునే పలక లేదు, ఇంకొకటి తిరగదు. తిరిగేది దొరకబుచ్చుకుని తోసుకుంటూ వస్తుంటే మా తెర వెనకనుంచి మా ఆయన గొంతు వినపడింది.

"బాగుంది. ఉప్పు కాస్త తగ్గింది గానీ మాంసం లేతగా ఉంది. ఎవరు చేశారు?"

"పొడుగాయనే బావా. ఇదిగో, నువ్వే చెప్పు వాడికి."

ఫోనులోంచి పొడుగాయన గొంతు గట్టిగా వచ్చింది. "నాలుక మీద పెట్టారా మాస్టారూ?"

"పెట్టాను. ఎత్తండి."

నేను తెర లాగేసరికి వాడు ఫోను జేబులో పెట్టుకుంటున్నాడు. మంచం మీద ఆకుపచ్చ ప్లాస్టిక్ కవరు. ఈ ఆస్పత్రి క్యాంటీనులో కూర కట్టిచ్చే కవరది. మా ఆయన పెదవులకి నూనె అంటుకుని ఉంది. ఎంతో సంతృప్తిగా ఉన్నాడు.

"క్యాంటీను కూర పెట్టావా?"

"మంచి కూరేగా పెట్టాను! రోగికి మంచి కూర పెడితే తప్పా? ఎత్తండని ఆయనే అన్నాడు. నేను అనలేదు," అని ఎంత ధీమాగా అన్నాడో! నేను కుర్చీ వదిలి చెయ్యెత్తేలోగా తలుపు దాటేశాడు.

ఎత్తండని ఆయనే అన్నాడు. అదీ నాకు అసహ్యం. ఆయన జన్మలో అబద్ధం చెప్పని ఆ ఒక్క మాటనీ ఆయన చేతే అబద్ధం చేయించాడు. రేపు నాలుగొందల మంది పిల్లలు వాంతులు చేసుకుంటే పేరు ఎవరిది? మాస్టారు నాలుక మీద పెట్టి ఎత్తమన్నాడు, మేమంతా చెవులారా విన్నాం, అంటారు.

అప్పుడు నర్సు వచ్చింది. పొద్దుటి నుంచీ మమ్మల్ని చూసుకుంటున్న నర్సే. నడివయసుది, కాళ్ళు నొప్పులో ఏమో ఒక పక్కకి ఒరిగి నడుస్తుంది. "స్కాన్ ఇంకో పావుగంట పడుతుందట, మధ్యలో ఇంకో కేసొచ్చింది," అంది. "మీకేమైనా కావాలా అమ్మా? నేను కాస్త భోంచేసొస్తా. ఇవాళ మా పిల్లల పట్టాల రోజు. కాలేజీలోనే భోజనం. మాంసం కూరట!"

మాట నా గొంతులో ఉంది. ఒక్క మాట చాలు. ఆవిడ ఒక్క ఫోను చేస్తే కాలేజీవాళ్ళు గుండిగల మీద మూతలు పెట్టేస్తారు. ఆ వెంటే పోలీసులొస్తారు. మా తమ్ముణ్ణి వ్యాను పక్కన నిలబెట్టి అందరి ముందూ అడుగుతారు. వాడి పిల్లలు ఆ ముచ్చట ఫోన్లలో చూస్తారు. ఇదంతా రెప్పపాటులో నా కళ్ళ ముందు తిరిగింది.

"ఏం లేదమ్మా," అన్నాను. "వెళ్ళిరండి."

ఆవిడ వెళ్ళింది. నేను పొడుగాయనకి ఫోను చేశాను.

"ఎత్తొద్దు. మాంసం మురిగింది. పారబొయ్యి."

"అదేంటక్కా? మాస్టారు ఇప్పుడే ఎత్తమన్నారుగా."

"అది వేరే కూర. మీ ఓనరు మోసం చేశాడు."

వెనకాల గుండిగల చప్పుడు, ఎవరో వరసలు పట్టమని అరుస్తున్న చప్పుడు వినపడుతున్నాయి.

"నాకూ కాస్త అనుమానంగానే ఉందక్కా," అన్నాడు. "గరిటె తిప్పుతుంటే ఏదోలా ఉంది. కానీ మాస్టారు ఎత్తమన్నారు. ఇక మాకేం? మీ మాట మీద పారబోస్తే ఓనరు నన్ను బతకనిస్తాడా? మాస్టారి చేత చెప్పించండి, ఈ క్షణం పారబోస్తాను."

వీడికీ అనుమానమే! ముక్కు మూసుకుని గరిటె తిప్పుతున్నాడన్నమాట! ఇన్నేళ్ళుగా మా ఆయన నాలుక చూసి పనివాళ్ళు నిజాయితీ నేర్చుకున్నారనుకున్నాను. వాళ్ళు నేర్చుకున్నది దాని చాటున నిలబడడం.

"లైనులోనే ఉండు," అన్నాను.

ఫోను దిండు మీద పెట్టాను. "ఏమండీ, మాంసం పాడైంది, పారబొయ్యమని చెప్పండి," అన్నాను.

"ఏ మాంసం? ఎక్కడ?" అన్నాడాయన. "నేను చూడందే ఎలా చెబుతానే? ఎవరి కష్టమో అది. నాలుక మీద పెట్టకుండా నేనెప్పుడైనా చెప్పానా?"

"నా మాట నమ్మండి."

"నిన్ను నమ్మకేం? కూర తే, చూస్తా."

ఫోనులో పొడుగాయన, "అక్కా, మొదటి వరసకి అన్నం పెట్టేశారు," అన్నాడు.

వంగి మంచం కిందనుంచి గిన్నె తీశాను. చల్లారిపోయి పైన ఎర్రగా నూనె గడ్డకట్టింది. చెంచాతో ఆ పొర పగలగొడితే కింద నుంచి ఆ వాసన గుప్పుమంది. నాకు ఓకరింత వచ్చింది. ఆయన నోరు తెరిచి ఉంది. అన్నం ముద్ద కోసం నోరు తెరిచే పిల్లవాడి నమ్మకంతో నా చేతికేసి చూస్తున్నాడు. పెట్టాను.

కళ్ళు మూసుకున్నాడు. ఈసారి ఊసెయ్యడానికి తువ్వాలు కూడా దొరకలేదు. సగం గుటక పడిపోయింది, సగం నా అరచేతిలో ఊశాడు.

"మాస్టారూ, నాలుక మీద పెట్టారా?"

"పెట్టాను! మురిగింది! పారబొయ్యండి! చుక్క మిగలకూడదు!"

"మరి ఇందాక ఎత్తమన్నారు..."

"ఎవడ్రా ఎత్తమంది? నేనా? నాకేమైనా మతిపోయిందనుకున్నావా? పారబొయ్యి ముందు!"

గుండిగ ఒరిగిన చప్పుడు నాకు ఫోనులో వినపడింది. ఇంకొకటి. ఇంకొకటి. ప్రాణం కుదుటపడి తలెత్తాను. ఆయన నన్నే చూస్తున్నాడు.

"నువ్వా పెట్టింది?" అన్నాడు. గొంతు పైకి లేవలేదు. "తమ్ముడో పనివాడో తెచ్చాడనుకున్నా. వాసన తెలిసే పెట్టావా నాకిది? ఛీ."

మా పెళ్ళయినప్పటి నుంచీ ఆయన నన్ను కోపంగా చూశాడు, వెక్కిరింపుగా చూశాడు, నాలుగు రోజులు మాట్లాడకుండా కూడా ఉన్నాడు. అలా ఎప్పుడూ చూడలేదు. ఆ మురిగిన మాంసాన్ని చూసినట్టే నన్ను చూశాడు. నేను గడియారం వైపు చూశాను. త్వరగా మర్చిపోండి, త్వరగా, అని లోపల్లోపల గొణుక్కున్నాను. పొద్దుటి నుంచీ ఏ జబ్బుని తిట్టుకున్నానో దాన్నే బతిమాలాను.

అది నా మాట విన్నది. ఆయన కనుబొమ్మలు మెల్లగా సర్దుకున్నాయి. దుప్పటి అంచు లాక్కున్నాడు. "ఏమే, చెయ్యి అలా పట్టుకున్నావేంటి, ఏదో అంటింది చూడు," అని నవ్వి, "మనం ఇక్కడికెందుకొచ్చాం?" అన్నాడు.

కుళాయి దగ్గరికెళ్ళి మోచేతుల దాకా సబ్బు రాసి కడుక్కున్నాను. మళ్ళీ కడుక్కున్నాను.

కాలేజీలో పిల్లలు పప్పూ కూరగాయలూ తిని లేచారు. మాంసం మాడిపోయిందని చెప్పారట. నర్సు తిరిగొచ్చి, "మీవాళ్ళ వంట బాగుందమ్మా, మాంసమే దక్కలేదు," అంది. స్కాన్ తీశారు. ఏమీ లేదన్నారు. తమ్ముడు వచ్చి, "నా కొంప ముంచావక్కా," అని కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. మా ఆయన వాణ్ణి చూసి, "ఏంట్రా, మొహం పీక్కుపోయింది, భోంచేశావా?" అని అడిగాడు. వాడు "చేశాను బావా," అన్నాడు. వాడు తిన్నది క్యాంటీను కూరలో మిగిలిన సగం.

ఎండ కిటికీ మీంచి దిగేసరికి మా ఆయన అడగడం మానేశాడు. ముందు నేను గమనించలేదు. తర్వాత ఉలిక్కిపడి చూస్తే ఆయన పక్క మంచం పెద్దమనిషితో, కాలు ఎలా విరిగిందని మాట్లాడుతున్నాడు. డాక్టరమ్మ వచ్చి బల్ల, గొడుగు, కాకి అని మూడు మాటలు చెప్పింది. కాసేపాగి అడిగితే మూడూ గడగడా చెప్పాడు. నాకు దుఃఖం పొంగుకొచ్చింది. ఆయన నా చెయ్యి పట్టుకుని, "చూశావా, కాకి కూడా గుర్తుంది," అన్నాడు.

ఆ వెంటనే కడుపు పట్టుకుని పక్కకి వంగి భళ్ళున కక్కాడు.

రెండోసారి. మూడోసారి. చెమటలు పట్టి మొహం పాలిపోయింది. డాక్టరమ్మ మొహంలో నవ్వు పోయింది. కళ్ళల్లోకి లైటు వేసి చూసింది, మెడ వంచి చూసింది. "జ్ఞాపకం ఇప్పుడే తిరిగొచ్చింది, ఇంతలోనే వాంతులంటే నాకు నచ్చట్లేదు. మెదడు సంగతి మళ్ళీ చూడాలి. ఇంకో స్కాన్, అవసరమైతే వెన్నులోంచి సూదితో నీరు తీసి పరీక్ష చెయ్యాలి," అని నర్సుకి ఏవో పురమాయించి, మా ఆయన వైపు తిరిగింది. "మధ్యలో ఏమైనా తిన్నారా?"

"లేదండీ," అన్నాడాయన రొప్పుతూ. "మధ్యలో సంగతి నాకెలా తెలుస్తుంది గానీ, మా ఆవిడ పక్కనే ఉంది. మీరు వద్దంటే ఆవిడ మంచినీళ్ళు కూడా ముట్టుకోనివ్వదు."

డాక్టరమ్మ నా వైపు చూసింది. మంచం అవతల నుంచి తమ్ముడు కళ్ళతోనే వద్దని సైగ చేశాడు. ఆ సైగలో బతిమాలడం కూడా లేదు. అక్క ఎలాగూ చెప్పదన్న ధైర్యం ఉంది.

"తిన్నాడమ్మా," అన్నాను. "మురిగిన మాంసం. వీడు రెండుసార్లు పెట్టాడు, ఆయన ఊసేశాడు. మూడోసారి నేను పెట్టాను. సగం లోపలికి పోయింది."

మొదలుపెట్టాక ఏదీ దాచలేదు. ఫ్రీజరు, వ్యాను, క్యాంటీను కవరు, ఫోను, పొడుగాయన, అన్నీ చెప్పాను. నర్సు చేతిలో పళ్ళెం అలాగే పట్టుకుని నిలబడిపోయింది. డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. ఆ కూర ఇంకెవరైనా తిన్నారా అని ఒక్క ప్రశ్న అడిగి, లేదని తెలిశాక సూదీ స్కానూ ఆపించి, సెలైను పెట్టమని చెప్పి, కాలేజీకి ఫోను చెయ్యడానికి వెళ్ళింది. నేను తలెత్తేసరికి తమ్ముడు లేడు.

సెలైను చుక్కలు పడుతున్నాయి. మా ఆయన ఆ చుక్కలకేసే చూస్తున్నాడు.

"వాడు పెట్టాడంటే వాడి బుద్ధి అంత," అన్నాడు. "నువ్వెందుకు పెట్టావు?"

"చెప్పానుగా. మీరు నాలుక మీద పెడితేగానీ వాళ్ళు వినరు. మొదటి వరస కూర్చున్నారు. ఇంకేం చెయ్యను?"

ఆయన నర్సు వైపు చూశాడు. ఆవిడ పక్క మంచం దగ్గర కాలికట్టు సరిచేస్తోంది. నేను దాచకుండా చెప్పినవాటిలో, ఆవిడ భోజనానికి వెళ్తూ ఏమైనా కావాలా అని అడగడం కూడా ఉంది.

"ఆవిడ అడిగినప్పుడు ఒక్క మాట చెబితే పోయేదిగా?"

నేను నోరు తెరిచాను. తమ్ముడు, పరువు, వాడి పిల్లలు, అన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి. ఏది బయటికి తీసినా కంపు కొట్టేలా ఉంది. నోరు మూసుకున్నాను.

"వాడి పరువుకి నా నోరు అడ్డం పెట్టావన్నమాట," అన్నాడు.

ఆ చూపు మళ్ళీ వచ్చింది. మధ్యాహ్నం చూసినదే. నేను అలవాటుగా గడియారం వైపు చూశాను. ఆయన కనుబొమ్మలు సర్దుకోలేదు.

పెదవులు ఎండి పగుళ్ళు తేలాయి. సెలైనుతో పాటు కాస్త కాస్త నీళ్ళు తాగొచ్చని డాక్టరమ్మ చెప్పి వెళ్ళింది. నేను సీసా మూత తీసి, గ్లాసులో పోసి, ఆయన నోటి దగ్గరికి పట్టుకెళ్ళాను. ఆయన గ్లాసు వైపు చూశాడు, నా చేతి వైపు చూశాడు. తల పక్కకి తిప్పుకుని, "నర్సమ్మా, కాస్త మంచినీళ్ళిస్తారా?" అని పిలిచాడు.